పుర్సాకు ముందే ఇయాదత్

(ముస్లిం కుటుంబాల సదస్సులో ఒక విశ్రాంత ప్రభుత్వోద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వక్తను కాను, ఆలిమ్‌ను కాను, వైద్యుణ్ణి అసలే కాను. 31 సంవత్సరాలు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు రాసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మనసు కుంగిపోయి, బతుకు మీద ఆశ వదులుకునే స్థితికి చేరిన మనిషికి పల్లెల్లో తోటివారు ఏ విధంగా ఆసరా కాగలరో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఈ విషయం మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఒక మనిషి పట్ల నేను చేయవలసిన పని చేయలేదు. ముందు అది మీ ఎదుట ఒప్పుకుని, ఆ తరువాత మిగతా మాటలు చెబుతాను.

2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు జీవో జారీ చేసింది. బలవన్మరణం పాలైన రైతు కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేల రూపాయలు ఇవ్వాలన్నది దాని సారాంశం. మండల స్థాయిలో విచారణ జరగాలి, డివిజన్ స్థాయిలో కమిటీ నిర్ధారించాలి, ఆపైన మంజూరు కావాలి. ఆ ఫైళ్ళు కొన్నేళ్ళపాటు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. నేను పనిచేసిన మండలం పత్తి పండే మండలం. అక్కడ ఒక కౌలు రైతు, మన సోదరుడే, చనిపోయాడు. అతని భార్య కాగితాల కట్టతో కార్యాలయానికి వచ్చింది. పట్టాదారు పాసుపుస్తకం అతని పేరిట లేదు. నోటిమాట మీద పట్టిన కౌలు కనుక ఒప్పంద పత్రం లేదు. వడ్డీకి తెచ్చిన సొమ్ము కనుక బ్యాంకు కాగితమూ లేదు. ప్రతిపాదన పరిశీలనకు అర్హం కాదని నోట్ ఫైలులో రాసింది ఈ చేతులే.

ఆమె ఏడవలేదు. నన్ను చూసి ఒక్క మాట అడిగింది. "సార్, కాయితాలు లేవంటున్నరు, సరే. ఆయన మూడు దినాలు అసర్ నమాజైనంక ఇంటికి రాకుంట మస్జిద్ మెట్ల మీదనే కూసున్నడంట. అంతమంది నమాజ్ చేసి పోయిండ్రు. ఒక్కరన్న ‘ఏమైంది భాయ్’ అని అడిగిండ్రా?"

ఆ మస్జిద్‌లో నేనూ నమాజు చేసేవాణ్ణి. ఆ మూడు రోజులూ ఆ మెట్లు దిగినవారిలో నేనూ ఉన్నాను. మూడో రోజు అతని తువ్వాలు జారి నా చెప్పుల మీద పడి ఉంది. దాన్ని పక్కకు జరిపి, చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. సలాం కూడా చెప్పలేదు. ఆఫీసులో రేపటికి పంపవలసిన నివేదిక గురించి ఆలోచిస్తూ ఉన్నాను.

మరణించిన తరువాత అతని పేరిట ఒక ఫైలు తెరుచుకుంది. దానికి నంబరు వచ్చింది, ముగ్గురు అధికారుల సంతకాలు పడ్డాయి. ఊరి పెద్దలంతా పుర్సాకు వెళ్ళారు, మూడు రోజులు ఆ ఇంటికి అన్నం పంపారు. అతడు బతికి ఉండి మెట్ల మీద కూర్చున్న మూడు రోజుల్లో మాత్రం అతని వైపు ఎవరూ నడవలేదు.

మిత్రులారా, మన సమాజంలో ఇయాదత్ అనే గొప్ప ఆచారం ఉంది. జబ్బుపడినవారిని చూడడానికి వెళ్ళడం ముస్లిముకు ముస్లిముపై గల హక్కు అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పారు. పొరుగువారు ఏ మతస్థులైనా ఆ మర్యాద పాటించాలన్నదీ ఆయన ఆచరించి చూపినదే. కాలు విరిగినవాని ఇంటికి మనం పండ్లు పట్టుకుని వెళ్తాం. గుండె ఆపరేషన్ అయినవాని మంచం పక్కన కూర్చుంటాం. కానీ నిద్ర పట్టక, అన్నం సహించక, మాటలు తగ్గి, ఇంట్లో ఒక మూలకు చేరిన మనిషి దగ్గరికి మాత్రం వెళ్ళం. ‘వాడి దిమాగ్ ఖరాబైంది’ అంటాం. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అని నవ్వుకుంటాం. హైదరాబాదులోని ఒక ఆసుపత్రి పేరును మన తెలుగులో తిట్టుగా మార్చుకున్నాం. అక్కడికి వెళ్ళి కోలుకుని వచ్చి, తన పని తాను చేసుకుంటున్నవారు మన మధ్యే ఉన్నారు. ఆ తిట్టు వినబడిన ప్రతిసారీ వారు తలవంచుకుంటారు.

ఈనాటి నా ప్రసంగం సారాంశం ఇంతే. పుర్సాకు వెళ్ళే సమాజం, అంతకు ముందే ఇయాదత్‌కు వెళ్ళడం నేర్చుకోవాలి. అది ఎలాగన్నదే మిగిలిన మాట.

ముందుగా సమస్య ఎంతటిదో చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది బలవన్మరణం పాలయ్యారు. వారిలో దాదాపు నాలుగో వంతు దినసరి కూలీలు. ఈ మాట మన సమాజానికి ఎందుకు పట్టాలో వేరే చెప్పనక్కరలేదు. పల్లెల్లో మనవారిలో ఎక్కువమంది సెంటు భూమి లేనివారు, నోటిమాట మీద కౌలు చేసేవారు, హమాలీలు, మెకానిక్కులు, తోపుడు బండ్లవారు. ఫోమ్ పరుపులు వచ్చాక దూదేకుల సోదరుల తరతరాల వృత్తి చితికిపోయింది. వారానికోసారి వాయిదా వసూలుకు వచ్చే సూక్ష్మరుణ సంస్థల వేధింపులు ఏ స్థాయికి వెళ్ళాయంటే, 2010లో ప్రభుత్వం వాటిని అరికట్టడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. భర్త గల్ఫ్‌లో, అత్తమామలు మంచంలో, పిల్లలు బడిలో, అప్పు గుమ్మంలో ఉన్న ఇల్లాలు తన దిగులు ఎవరికి చెప్పుకోవాలి? ఫోనులో భర్తకు చెబితే అక్కడ ఆయన నిద్ర పోడు. అత్తకు చెబితే ‘మేమెన్ని పడలేదు’ అంటుంది. అందుకని ఆమె తలనొప్పి అంటుంది, గుండె దడ అంటుంది, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి అంటుంది. ఆరెంపీ వైద్యుడు సెలైన్ ఎక్కిస్తాడు. డబ్బు పోతుంది, దిగులు మిగులుతుంది.

ఆమెకూ సహాయానికీ మధ్య మూడు గోడలున్నాయి. మొదటిది దూరం. మానసిక వైద్యులు జిల్లా కేంద్రంలో ఉంటారు. అక్కడికి పోవాలంటే ఒక రోజు కూలీ, ఇద్దరికి బస్సు చార్జీలు కావాలి. రెండవది సిగ్గు. ఆడపిల్ల అయితే సంబంధాలు రావన్న భయం కూడా దానికి తోడవుతుంది. మూడవది మనమే కట్టిన గోడ. ‘ఈమాన్ బలంగా ఉంటే ఇలాంటివి రావు’ అనే మాట. ఇది ధర్మం పేరుతో చెప్పే మాట గనుక దీని గురించి కొంచెం వివరంగా చెప్పడం అవసరం.

యాకూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) కుమారుని ఎడబాటుకు ఏడ్చి ఏడ్చి కంటిచూపు కోల్పోయారని దివ్యఖుర్ఆన్ చెబుతున్నది. ఆయన ఈమాన్ బలహీనమైనదని అనగలవారు ఎవరు? మర్యమ్ (అలైహస్సలాం) ప్రసవవేదనలో, లోకనింద భయంలో, ఒంటరిగా ఖర్జూరపు చెట్టు మొదట కూర్చుని, ఇంతకు ముందే చనిపోయి ఉంటే ఎంత బాగుండేదని అనుకున్న సందర్భం కూడా అందులోనే ఉంది. ఆ మాట అన్నందుకు ఆమెకు మందలింపు రాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు వచ్చింది, కాళ్ళ దగ్గర నీటి ఊట వచ్చింది, తినడానికి పండిన ఖర్జూరాలు వచ్చాయి. హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా), పినతండ్రి అబూ తాలిబ్ ఒకరి వెంట ఒకరు మరణించిన సంవత్సరాన్ని మన చరిత్ర దుఃఖ సంవత్సరంగానే గుర్తు పెట్టుకుంది. దైవప్రవక్త దుఃఖాన్ని దాచిపెట్టవలసిన విషయంగా మన పూర్వులు చూడలేదు.

మరో ఘట్టం మీ అందరికీ తెలిసినదే. మొదటి దైవవాణి అందిన తరువాత దైవప్రవక్త హిరా గుహ నుంచి వణుకుతూ ఇంటికి వచ్చారు. ఆ అనుభవాన్ని నేను ఏ జబ్బుతోనూ పోల్చడం లేదు, అల్లాహ్ క్షమించుగాక. ఆ వేళ హజ్రత్ ఖదీజా ఏం చేశారన్నదే నా ఉద్దేశం. మొదట దుప్పటి కప్పారు. భయం తగ్గేవరకు ఆగి, ఆయన చెప్పినది విన్నారు. బంధువులను ఆదరించే, పేదల భారం మోసే మీ వంటి వారిని అల్లాహ్ ఎన్నడూ విడిచిపెట్టడని ఆయనలోని మంచిని ఆయనకే గుర్తుచేశారు. ఆపైన ఈ విషయం తెలిసిన వరఖా బిన్ నౌఫల్ దగ్గరికి స్వయంగా తోడ్కొని వెళ్ళారు. దుప్పటి కప్పడం, వినడం, మంచిని గుర్తుచేయడం, తెలిసినవారి దగ్గరికి తీసుకువెళ్ళడం. ఈ పనిలో మేము పాటించే వరుస కూడా ఇదే. ఇందులో ఏ మెట్టుకూ పట్టా అక్కరలేదు.

పదో శతాబ్దపు ముస్లిం పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒకే గ్రంథంలో వివరించాడు. శరీరానికి జబ్బు చేసినట్లే మనసుకూ జబ్బు చేస్తుందని, రెండింటికీ వైద్యం ఉందని ఆయన చెప్పి వెయ్యేళ్ళు దాటింది. అటువంటి వారసత్వం గలవారం మనం. ఇవాళ కుంగిన మనిషికి తావీజు కట్టి ఊరుకుంటున్నాం.

ఇక ఇతరులు ఏం చేస్తున్నారో చూద్దాం. ఆఫ్రికాలోని జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఉన్నారు. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి బస్సు చార్జీలకు డబ్బు లేక ఆసుపత్రికి రాలేకపోయింది, ప్రాణం కోల్పోయింది. ఆ దెబ్బకు ఆయన ఆలోచన మారింది. 2006లో హరారే నగరంలోని ఒక పేదల వాడలో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెట్టు కింద బెంచీ వేయించారు. మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెడితే ఎవరూ కూర్చోలేదు. ఆ అవ్వలే స్నేహపు బెంచీ అని మార్చారు. అక్కడి భాషలో ఈ బాధకు ‘మరీ ఎక్కువగా ఆలోచించడం’ అనే అర్థం వచ్చే మాట ఉంది. మన ఇళ్ళల్లో ‘ఫికర్ ఎక్కువైంది’ అనడం లేదా? అదే మాట. అవ్వలు వింటారు, అనేక సమస్యల్లో నుంచి ముందుగా ఒకదాన్ని ఎంచుకోమంటారు, దానికి చేయగలిగిన ఒక చిన్న పని ఏమిటో ఆ మనిషి చేతనే చెప్పిస్తారు. 2016లో ప్రచురితమైన అధ్యయనంలో, మామూలు వైద్యం పొందినవారికన్నా ఆ బెంచీపై కూర్చున్నవారు ఆరు నెలల తరువాత మెరుగ్గా ఉన్నట్లు తేలింది.

మన దేశంలోనే గుజరాత్‌లోని మెహసానా జిల్లా పల్లెల్లో ఇటువంటి పని జరిగింది. దాని పేరు మనకు అనువాదం అక్కరలేనిది, ఆత్మీయత. ముందు మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో ప్రయత్నించి, తరువాత అక్కడికి విస్తరించారు. ఊరివారిలోనే నలుగురికీ నమ్మకస్తులైన స్త్రీ పురుషులను ఎంచుకుని శిక్షణ ఇస్తారు. వారు కుంగినవారి ఇంటికి కొన్ని సార్లు వెళ్ళి మాట్లాడతారు, తమ వల్ల కాని స్థితి ఉంటే వైద్యుని దగ్గరికి పంపుతారు. నాకు నచ్చినది మరొకటి. పింఛను రాని వితంతువుకు దరఖాస్తు రాసి పెట్టడం కూడా ఆ పనిలో భాగమే. గుమాస్తాగా నాకు దాని విలువ తెలుసు. కొన్ని దిగుళ్ళకు మూలం ఆఫీసు బీరువాలో ఉంటుంది.

అదే మెహసానా జిల్లాలో ఉనావా అనే ఊళ్ళో మీరా దాతార్ దర్గా ఉంది. మనసు చెదిరినవారిని దూర ప్రాంతాల నుంచి అక్కడికి తీసుకువస్తారు. అక్కడి ముజావర్లను తక్కువ చేయకుండా, వారితో కలిసి దవా, దువా రెండూ ఒకేచోట అందే ఏర్పాటు చేశారు. ముజావరే స్వయంగా, ‘దువా నేను చేస్తాను, మందు అక్కడ తీసుకో’ అని వైద్యుని గది చూపుతాడు. ఈ మాట చెప్పేటప్పుడు మరో చోటును కూడా తలుచుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే రోగులను ఉంచే ఒక ప్రైవేటు పాకలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టివేసి ఉన్నందున 28 మంది తప్పించుకోలేక కాలిపోయారు. వారిని అక్కడ వదిలినవారు కూడా ప్రేమలేని కుటుంబాలవారు కారు. దారి తెలియనివారు. దారి చూపే మనిషి ఊళ్ళో లేనివారు.

ఇక మా అనుభవం. పదవీ విరమణ చేశాక మా మండలంలో ఏడుగురం కలిసి ఈ పని మొదలుపెట్టాం. నలుగురు స్త్రీలు, ముగ్గురు పురుషులు. జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యులొకరు తమ సెలవు దినాల్లో వచ్చి మాకు నేర్పారు. ఏడుగురిలో ఇద్దరు తామే ఆ చీకటిలో నుంచి నడిచి వచ్చినవారు. ఒక ఆపా కుట్టుమిషను మీద ముగ్గురు పిల్లల్ని సాకినామె. మూడో కాన్పు తరువాత ఏడాదిపాటు మంచం దిగలేకపోయింది. మందులు వాడి కోలుకుంది. ఇంకొకరు గల్ఫ్‌లో ఏజెంటు చేతిలో మోసపోయి, అప్పుతో తిరిగి వచ్చిన సోదరుడు. మిగిలిన అయిదుగురం ఎంత చదివినా, వారిద్దరి మాటకున్న బరువు మా మాటకు రాదు. ‘నాకూ ఇట్లాగే అయింది’ అని చెప్పగలిగినవారి ముందే కుంగిన మనిషి నోరు విప్పుతాడు.

ఒక మెకానిక్ కుర్రవాడు దుకాణం మూసేసి పది రోజులుగా ఎవరితోనూ మాట్లాడడం లేదని తల్లి చెప్పింది. అంతకు ముందు పెద్దలు వెళ్ళి సబర్ గురించి గంటసేపు బోధించి వచ్చారు. మా గల్ఫ్ సోదరుడు వెళ్ళి, "తమ్మీ, నీకు నసీహత్ చెప్పనీకి రాలే. నా బండి సప్పుడు చేస్తున్నది, జర చూస్తవా?" అన్నాడు. కుర్రవాడు బయటికి వచ్చాడు. బండి చూస్తూ అరగంట మౌనంగా ఉన్నాడు. మూడో నాడు అప్పు సంగతి చెప్పాడు. ఐదో నాడు, బతకాలని లేదని చెప్పాడు. ఆ రోజే మావాడు అతణ్ణి వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. రెండు నెలలు ప్రతి వారం బస్సులో తోడు వెళ్ళాడు. ఇప్పుడా దుకాణం తెరిచే ఉంది.

అన్నీ ఇలా ముగియలేదు. ఒక తల్లి విషయంలో మేము ఆలస్యంగా వెళ్ళాం. ఇంటివారు పరువు పోతుందని వద్దన్నారు, మేమూ మొహమాటపడి రెండు వారాలు ఆగాం. ఆ రెండు వారాలు తిరిగి రావు. ఆ తరువాత మేము పెట్టుకున్న నియమం, వద్దన్నా మళ్ళీ వెళ్ళాలి. లోపలికి రానివ్వకపోతే గుమ్మంలో సలాం చెప్పి రావాలి, మరునాడు మళ్ళీ వెళ్ళాలి.

మా మిగతా నియమాలు కూడా చెబుతాను, మీ ఊళ్ళలో పనికి రావచ్చు.

విన్నది బయటికి పోకూడదు. జీవితమంతా రిజిస్టర్లు రాసిన నేను ఈ పనికి రిజిస్టరు పెట్టనివ్వలేదు. స్త్రీల దగ్గరికి స్త్రీలే వెళ్ళాలి. వెళ్ళినప్పుడు సలహాలు ఇవ్వడానికి తొందరపడకూడదు. ‘నీకన్నా కష్టాలున్నవారు లేరా’ అన్న మాట నోట రాకూడదు. మనిషి నిద్ర, తిండి, పని ఎలా ఉన్నాయో అడగాలి. చనిపోవాలన్న తలంపు వస్తున్నదా అని అనుమానం కలిగితే సూటిగానే అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. అడిగితే ఆ మనిషి భారం దిగుతుంది. ఔనని చెప్పినప్పుడు మాత్రం రహస్యం నియమం పక్కన పెట్టాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, ఇంట్లో ఒకరికి చెప్పాలి, అదే రోజు వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. పురుగుల మందు ఇంట్లో ఉంచకుండా తీసివేయాలి, లేదా తాళం వేసి తాళంచెవి మరొకరి దగ్గర ఉంచాలి. ఆ కొన్ని గంటలు గడిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి. మనం వైద్యులం కామని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. మందులు ఆపమని చెప్పే హక్కు మనకు లేదు. చివరగా, వినేవారి మనసు కూడా బరువెక్కుతుంది. అందుకే మేము ఏడుగురం నెలకు రెండుసార్లు కూర్చుని మా బరువు మేము దించుకుంటాం.

ఈ పత్రిక హక్కుల పత్రిక. కనుక చట్టం ఏం చెబుతున్నదో కూడా తెలుసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే సేవల నుంచి మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు అని 18వ సెక్షను చెబుతున్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అది ఉచితం. మతం పేరుతో వివక్ష చూపకూడదని 21వ సెక్షను, గొలుసులతో కట్టకూడదని 95వ సెక్షను స్పష్టం చేస్తున్నాయి. ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, అతనికి సంరక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని 115వ సెక్షను చెబుతున్నది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షను లేదు. ఒక ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికి చేసే ప్రయత్నాన్ని మాత్రమే నేరంగా ఉంచారు. కాబట్టి పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ఆగవద్దు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ ఫోను నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణం మీదికి వస్తే 108కి ఫోను చేయాలి. ఈ రెండు నంబర్లు ప్రతి మస్జిద్ గోడ మీద, నమాజు వేళల పట్టిక పక్కన రాయించండి.

తోటివారు సాయం చేస్తున్నారు గనుక ప్రభుత్వం చేతులు దులుపుకోవచ్చని మాత్రం ఎవరూ అనుకోకూడదు. మా ఏడుగురం వైద్యునికి బదులు కాము, వైద్యుని దాకా నడిపించేవాళ్ళం. ఆ చివర వైద్యుడు ఉండాలి కదా! ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అవసరమైన మందులు ఉండాలని, ఏరియా ఆసుపత్రికి నిర్ణీత దినాన మానసిక వైద్యుడు రావాలని అడుగుదాం. కాగితం లేని కౌలు రైతును రైతుగా గుర్తించాలని అడుగుదాం. అడగడం ఎలాగో తెలియకపోతే నా వంటి రిటైరైన గుమాస్తాలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. అర్జీ రాయడం మాకు వచ్చిన విద్యే.

ఇమాములకు, ముతవల్లీలకు నా విన్నపం ఒకటుంది. బలవన్మరణం ఘోరమైన పాపమన్నది మనందరికీ తెలుసు. ఆ మాట బతికున్నవాణ్ణి ఆపడానికి ప్రేమతో చెప్పవలసినది. మరణించినవాని తల్లి ముందు చెప్పవలసినది కాదు. అటువంటి వ్యక్తికి కూడా జనాజా నమాజు చేయాలన్నదే అత్యధిక ఉలమాల అభిప్రాయం. ఆ ఇంటిని వెలివేసినట్లు చూస్తే, అదే బాధలో ఉన్న మరొకడు నోరు మూసుకుంటాడు. జుమా ప్రసంగాల్లో అప్పుడప్పుడు దిగులు గురించి, వైద్యం గురించి చెప్పండి. ఆసుపత్రికి వెళ్ళే బీదవారి బస్సు చార్జీలకు, మందులకు జకాత్, సదఖా నిధుల నుంచి కొంత కేటాయించండి.

నేనిప్పుడు అదే మస్జిద్‌లో నమాజు చేస్తున్నాను. అసర్ తరువాత వెంటనే ఇంటికి పోను. మెట్ల మీద ఒక పావుగంట కూర్చుంటాను. ఎవరైనా నాకన్నా ఎక్కువసేపు కూర్చున్నట్లు కనబడితే, దగ్గరికి జరిగి, సలాం చెప్పి, ‘ఏమైంది భాయ్’ అని అడుగుతాను. చాలామంది ‘ఏం లేదు చాచా, ఊరికే’ అంటారు. అయినా పక్కన కూర్చుంటాను. ఆ చెల్లెలు ఆనాడు అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇది ఒక్కటే. ఆలస్యంగా ఇచ్చిన జవాబు అని నాకు తెలుసు.

మీ ఊరి మస్జిద్‌కు కూడా మెట్లున్నాయి. రేపు అసర్ తరువాత ఒక్కసారి వెనుదిరిగి చూడండి.

అల్లాహ్ మన నిర్లక్ష్యాన్ని క్షమించుగాక. దిగులుతో ఉన్న ప్రతి హృదయానికీ ఒక తోడును ప్రసాదించుగాక. ఆమీన్.